షెల్టర్ నుంచి పనికి పంపితే పది రోజులకే మానేస్తున్నారు, ఎక్కడ తెగుతోంది?

షెల్టర్_సాయంత్రం:
హైదరాబాద్‌లో ఒక నైట్ షెల్టర్‌లో ఉండేవాళ్లకి పనులు చూపిస్తున్నాం. 30 మంది దాకా, అందరూ మగవాళ్లే. సగం మంది పొద్దున కూలీల అడ్డాకి పోతారు, వారానికి మూడు రోజులు పని దొరికితే గొప్ప. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ ఏజెన్సీల్లో చేర్పిస్తే పది, పన్నెండు రోజులకే మళ్లీ అడ్డా మీద కనబడుతున్నారు. సగానికి పైగా ఆధార్ లేనివాళ్లో, కార్డు పోగొట్టుకున్నవాళ్లో. ముందు కాగితాలు చేయించాలా, ముందు పని చూపించాలా? రోజూ తాగేవాళ్ల సంగతేంటి?

అడ్డాలెక్క:
పదో రోజున మానేశారంటే బద్ధకం అనుకోకండి, జీతం తేదీ చూడండి. 5వ తేదీన చేరితే తొలి జీతం పడేది వచ్చే నెల 10న. అంటే 35 రోజులు. మధ్యాహ్నం ఐదు రూపాయల క్యాంటీన్‌లో తిన్నా, రాత్రి భోజనం, టీ, బస్సు కలిపి రోజుకి 150 వేసుకోండి: 5,250 రూపాయలు. ఆ డబ్బు ఎక్కడిది? అడ్డాలో సాయంత్రానికల్లా కూలి చేతిలో పడుతుంది, అందుకే తిరిగి పోతారు.

చేర్పించే ముందే ఏజెన్సీని మూడు అడగండి. జీతం ఏ తేదీ నుంచి ఏ తేదీకి కడతారు? తొలి 15 రోజుల జీతం పట్టి ఉంచుతారా? యూనిఫాం డబ్బు ఎంత కోస్తారు, ఎన్ని నెలల్లో? ఒకటో తేదీ నుంచి లెక్క కట్టేచోట 20 తర్వాత చేర్పిస్తే తొలి జీతం చిన్నదే అయినా మూడు వారాల్లో వస్తుంది. 13,000 అని చెప్పిన జీతంలో పీఎఫ్ మొత్తం మీద కోస్తే 1,560, ఈఎస్ఐ 98 పోతాయి. ఇది ముందే చెప్పకపోతే ‘మోసం చేశారు’ అని తొలి జీతం రోజే మానేస్తాడు.

మీ దగ్గర నిధి ఉంటే వారానికి 1,000 చొప్పున ఐదు వారాలు చేబదులు ఇవ్వండి. తిరిగి తీసుకునేది నెలకి వెయ్యి మించొద్దు. తొలి జీతంలోనే మొత్తం పట్టుకుంటే రెండో నెల మళ్లీ అదే కథ.

కాగితాల_పని:
రెండూ ఒకేసారి నడపాలండీ. కాగితం వచ్చేదాకా ఆపితే మనిషి ఉండడు.

ఆధార్‌కి మొదటి ప్రశ్న: ‘ఎప్పుడైనా వేలిముద్రలు, కళ్లు తీయించావా?’ చిన్నప్పుడో, ఊళ్లోనో తీయించి ఉంటే కొత్తగా నమోదు చేయకండి. ఒకే మనిషి రెండోసారి అని తిరస్కరిస్తారు, నెలలు పోతాయి. ఆధార్ కేంద్రంలో పేరు, జిల్లా లాంటి వివరాలతో వేలిముద్ర వేయిస్తే పాత నంబరు దొరికే అవకాశం ఉంది. సిమెంటు పని చేసేవాళ్ల వేళ్లు అరిగి ముద్ర పడదు, కనుపాపతో చూడమని అడగండి. ఫోన్ నంబరు కూడా అప్పుడే కలిపించండి.

నిజంగా కొత్తవాళ్లయితే ఆధార్ సంస్థ నమూనా ధ్రువపత్రం ఉంది. గుర్తింపు ఉన్న షెల్టర్ అధిపతి కూడా దాని మీద సంతకం చేయొచ్చు. మూడు నెలలే చెల్లుతుంది. సంతకం చేసినవాళ్ల స్టాంపు ఫోటో మీద సగం, కాగితం మీద సగం పడాలి. 18 దాటినవాళ్ల తొలి నమోదుకి ప్రభుత్వ తనిఖీ ఉంటుంది కాబట్టి ఆలస్యం అవుతుంది.

ఈలోగా బ్యాంకులో ‘చిన్న ఖాతా’ అడగండి. అధికారి ముందు ఫోటో, సంతకం లేదా వేలిముద్ర చాలు. నిల్వ 50,000 దాటకూడదు, నెలకి 10,000 మించి తీయలేరు, 12 నెలల్లో గుర్తింపు కాగితానికి దరఖాస్తు చేసినట్టు చూపించాలి. కౌంటర్లో ‘అలాంటిది లేదు’ అంటే మేనేజర్ దగ్గరికి వెళ్లండి.

అడ్డాకి పోయేవాళ్లకి ఒక నోటు పుస్తకం కొనివ్వండి: తేదీ, చోటు, మేస్త్రి పేరు, ఫోన్, కూలి. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో నమోదుకి వయసు 18 నుంచి 60, గడిచిన 12 నెలల్లో 90 రోజుల పని ఉండాలి. ఆ రాతలు లేకుండా 90 రోజులు ఎవరిచేత ధ్రువీకరించుకుంటారు?

రాత్రి_డ్యూటీ:
సెక్యూరిటీ మొదటి మెట్టు కాదని నా అభిప్రాయం. ప్రైవేటు సెక్యూరిటీ చట్టం కింద గార్డుకి పోలీసు తనిఖీ తప్పనిసరి, చిరునామా లేనివాడు అక్కడే ఆగిపోతాడు. పైగా రాత్రి డ్యూటీ చేసి పొద్దున వస్తే మీ షెల్టర్ తలుపు మూసి ఉంటుంది. వాడు ఎక్కడ పడుకోవాలి? నాలుగైదు పడకలు పగలు కూడా తెరిచి ఉంచలేకపోతే రాత్రి డ్యూటీకి పంపకండి.

మెస్సులు, హోటళ్ల వంటింటి పని మేలు. తిండి, పడక అక్కడే, అడ్డాలెక్క గారు చెప్పిన 35 రోజుల గండం తప్పుతుంది. కానీ ఒరిజినల్ ఆధార్ కార్డు తీసి దాచుకునే యజమాని దగ్గర మనిషిని పెట్టొద్దు. జిరాక్స్ ఇవ్వండి, అసలుది షెల్టర్ లాకర్లో.

కేటరింగ్ సర్వీసుకి నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, బూట్లు ఉంటే చాలు, షెల్టర్‌లో నాలుగైదు జతలు ఉంచండి. డబ్బు ఫంక్షన్ అయ్యాక అర్ధరాత్రి ఇస్తారు, షెల్టర్ గేటు కాపలాదారుకి ముందే పేర్లు చెప్పాలి. ఆషాఢం, పుష్యం, మూఢాల్లో ఈ పని ఎండిపోతుంది, దాని మీదే ఆధారపడకండి.

తాగుడు: రోజూ తాగేవాణ్ని ‘ఇవాళ్టి నుంచి మానెయ్’ అని పనికి పంపకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఫోన్‌లో అడగాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహా నంబరు 14416. చికిత్స నడిచేటప్పుడు పరంజా ఎక్కే పని, సెంట్రింగ్ వద్దు.

షెల్టర్_సాయంత్రం:
ముగ్గురిని ఊరి బయట పనికని వ్యాన్‌లో తీసుకెళ్తామని, తలా 5,000 అడ్వాన్సు ఇస్తామని ఒకాయన వచ్చాడు. పంపొచ్చా?

అడ్డాలెక్క:
చోటు, ఫోన్, రోజు కూలి, తిరిగొచ్చే తేదీ కాగితం మీద రాసివ్వకపోతే వద్దు. అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టి, 1976 చట్టం కింద నేరం. ఫిర్యాదు కలెక్టర్‌కి చేయాలి. వ్యాన్ నంబరు ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.