తుపాను గాలికి ఎగిరిపోని రేకుల ఇల్లు: ఉన్న కొద్దిపాటి సొమ్ముతో ఎక్కడ మొదలుపెట్టాలి?

తీరగ్రామ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో సముద్రపు ఒడ్డుకు దగ్గరగా ఉన్న మత్స్యకార గ్రామం. ఊళ్లో సగానికి పైగా ఇళ్లకు నేటికీ సిమెంటు రేకుల కప్పో, తాటాకు కప్పో ఉంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను భైరవపాలెం మొదలుకొని ఈ తీరమంతటా ఎన్ని కుటుంబాలను తీసుకుపోయిందో ఇక్కడి పెద్దవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆనాటితో పోలిస్తే హెచ్చరికలు ముందుగా అందుతున్నాయి, తలదాచుకోవడానికి తుపాను షెల్టరు ఉంది, ప్రాణనష్టం బాగా తగ్గింది. అయితే తుపాను వెళ్లిన మర్నాడు తిరిగి వచ్చి చూసుకుంటే ఇంటిమీద కప్పు ఉండదు. వేట లేని రోజుల్లోనే వడ్డీకి అప్పు తెచ్చి రేకులు కొనడం, ఆ అప్పు తీరకముందే మరో గాలివాన రావడం మా ఊళ్లో చాలామందికి అనుభవమే.

మా యువజన సంఘమూ, డ్వాక్రా మహిళలూ కలిసి కొంత సొమ్ము పోగుచేశాము. అది రెండు కొత్త ఇళ్లకు కూడా చాలదు. దానితో ఉన్న ఇళ్లనే గట్టిపరచవచ్చా? గట్టిపరచగలిగితే ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి? షెల్టరుకు రమ్మంటే కదలని కొందరు పెద్దలను ఎలా ఒప్పించాలో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గోదావరి సివిల్

తప్పకుండా గట్టిపరచవచ్చు. నా దృష్టిలో మీ సొమ్ముకు అంతకన్నా మంచి వినియోగం లేదు.

గాలి ఇంటిని తోసి పడగొడుతుందని చాలామంది అనుకుంటారు. రేకుల ఇంటి విషయంలో మొదట జరిగేది వేరు. వాలు తక్కువగా ఉన్న కప్పు మీదుగా గాలి వేగంగా సాగేటప్పుడు దాన్ని పైకి లాగుతుంది, అదే సమయంలో గాలివైపు ఉన్న తలుపో కిటికీయో ఊడితే లోపలికి చొరబడిన గాలి కింది నుంచి తంతుంది, ఈ రెండూ కలిసినప్పుడు కప్పు లేచిపోతుంది. 2014లో విశాఖను తాకిన హుద్‌హుద్ తుపాను నాటి గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా ఉంది, అంటే సెకనుకు 50 మీటర్లు. మన తీరంలో చాలా భాగానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 సూచించే వేగం కూడా అదే. ఆ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పుడుతుంది, చూరు అంచుల్లోనూ కొప్పు దగ్గరా మూలల్లోనూ లాగుడు ఇంకా ఎక్కువ. రేకు సొంత బరువు చదరపు మీటరుకు ఇరవై కిలోలకు మించదు కాబట్టి దాన్ని నిలబెట్టేది బరువు కాదు, బిగింపు. రేకులపై ఇసుక బస్తాలు, రాళ్లు పెట్టే అలవాటు అందువల్లనే సరిపోదు. గాలికి ఎగిరే రాయి పక్కింటివారికి ప్రమాదం కూడా.

మీరు చేయవలసిందల్లా రేకు నుంచి పునాది వరకు కట్టు ఎక్కడా తెగకుండా చూడడమే. రేకును అడ్డకర్రకు జె బోల్టుతో (ఒక కొస కొక్కెంలా వంగిన బోల్టు), అడ్డకర్రను వాసానికి జీఐ పట్టీతో (జింకు పూత ఉన్న ఇనుప పట్టీ), వాసాన్ని గోడలో కాంక్రీటు పోసి నాటిన బోల్టుతో కలపాలి. మట్టిగోడ అయితే బోల్టు పట్టదు, అటువంటి ఇంటికి మూలల్లో భూమిలోకి లోతుగా పాతిన స్తంభాలకే వాసాలను కట్టాలి. నేను చూసిన దెబ్బతిన్న ఇళ్లలో చాలావాటికి వాసం గోడపై ఊరికే ఆనించి ఉంది, లేదా సన్నని బైండింగు వైరుతో చుట్టి ఉంది. సముద్రపు గాలికి ఆ తీగ తుప్పు పట్టి, వేలితో వంచితే విరిగిపోయే స్థితికి వస్తుంది. చూరు వెంబడి, కొప్పు వెంబడి బోల్టులను మిగతా చోట్లకన్నా దగ్గర దగ్గరగా వేయండి. చూరు గోడ దాటి అడుగున్నరకు మించి బయటికి రాకూడదు. ముందు వసారా కప్పును ఇంటి కప్పుకు కొనసాగింపుగా వేయకుండా విడిగా వేయించండి, లేకపోతే వసారా లేచినప్పుడు ఇంటి కప్పును కూడా పట్టుకుపోతుంది. చిన్న ఇళ్లను తుపానుకు తట్టుకునేలా చేయడానికి ఐఎస్ 15498 అనే ప్రమాణం 2004 నుంచే ఉంది. మీ మండలంలో గృహనిర్మాణ ఇంజినీరును దాని గురించి అడగండి, ఆయన వచ్చి ఒక ఇంటిని చూసి చెబితే మీ మేస్త్రీకి మిగతావి తెలుస్తాయి.

షెల్టరు బాధ్యుడు

పై సలహా గాలికి సరిపోతుంది, ఉప్పెనకు సరిపోదన్న సంగతి ఊరందరికీ విడమరచి చెప్పండి. ఇల్లు గట్టిపడిందన్న ధైర్యంతో ఎవరైనా ఇంట్లోనే ఉండిపోతే మనం చేసిన మేలే కీడవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కల్లోనే పదివేల మంది వరకు చనిపోయినది ప్రధానంగా నీటివల్ల. 1990 మేలో దాదాపు అంతే తీవ్రమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకినప్పుడు ముందుగా లక్షకు పైగా జనాన్ని తరలించడం వల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపు నిలిచింది. ఒడిశాలో 1999లో పదివేల మంది దాకా పోయారు, 2013లో ఫైలిన్ తుపానుకు ముందు సుమారు పది లక్షల మందిని తరలించగా మృతులు యాభై లోపే.

పెద్దలు కదలకపోవడానికి మొండితనం కారణమని అనుకోకండి. వలలు, బోటు ఇంజను, మేకలు, బీరువాలోని పట్టా కాగితాలు, ఇవన్నీ వదిలి వెళ్లమంటున్నాము. ఇంజనును, వలలను భద్రపరిచే గది షెల్టరు పై అంతస్తులో ఉందని, మేకలను కట్టేయడానికి మెరక స్థలం ఉందని ముందే చూపించండి. మా దగ్గర ఆడవారు రాకపోవడానికి అసలు కారణం మరుగుదొడ్డి. గొళ్లెం పనిచేయదు, నీళ్లు ఉండవు, అందువల్ల తెల్లవార్లూ ఉగ్గబట్టుకుని కూర్చోవలసి వచ్చేది. అది బాగుచేయించిన తర్వాత ముందుగా వచ్చింది ఆ ఆడవారే, వారి వెంట ముసలివారూ వచ్చారు. షెల్టరు ఏడాది పొడవునా అంగన్‌వాడీగానో బడిగానో వాడకంలో ఉంటే తాళం ఎవరి దగ్గర ఉందో వెతుక్కోవలసిన పని ఉండదు. సెప్టెంబరులోనే జనరేటరు ఒకసారి నడిపి చూడండి.

ఉప్పుటేరు

పూర్వానుభవంతో ఒక్క మాట. రేకులు వద్దు, అప్పు చేసైనా శ్లాబు వేద్దామని ఊళ్లో కొందరు తప్పక అంటారు. శ్లాబు మంచిదే, కానీ ఒడ్డున దొరికే ఇసుకతో, ఉప్పునీటితో కలిపిన కాంక్రీటులో ఇనుము కొద్ది సంవత్సరాలకే తుప్పు పట్టి ఉబ్బుతుంది, అడుగువైపు పెచ్చులు పిల్లల మీద రాలతాయి. మంచినీరు, నది ఇసుక, ఇనుము చుట్టూ తగినంత కాంక్రీటు మందం దొరికినప్పుడే దానికి పూనుకోవాలి.

తీరగ్రామ వాసి

అందరికీ ధన్యవాదాలు. మరుగుదొడ్డి సంగతి మాకు తట్టనే లేదు, రేపే వెళ్లి చూస్తాము. ఇంకొక సమస్య ఉంది. ఒడ్డు వరుసలోని ఇళ్లలో చాలావాటికి పట్టా లేదు. గత తుపానులో నష్టం రాసుకోవడానికి వచ్చినవారు వాటిని జాబితాలో చేర్చలేదు. ఆ ఇళ్లను మా పనిలోనూ చివరికి పెట్టమని కొందరు అంటున్నారు.

షెల్టరు బాధ్యుడు

చివరికి పెట్టవద్దు, వాటితోనే మొదలుపెట్టండి. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022-26 కాలానికి నిర్ణయించిన లెక్కల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, అదే గుడిసెగా రాస్తే 8,000 రూపాయలు వస్తాయి. పైగా ఆ ఇల్లు అధికారికంగా గుర్తింపు పొందిన నిర్మాణమై ఉండాలి. అంటే కాగితం లేని కుటుంబానికి తుపాను తర్వాత అందేది నామమాత్రం. తర్వాత ఆదుకునేవారు లేని ఇంటికే ముందు బోల్టు పడాలి. దానితోపాటు ఇప్పుడే ప్రతి ఇంటి ముందు కుటుంబాన్ని నిలబెట్టి, గోడలు, కప్పు కనిపించేలా తేదీతో ఫొటోలు తీయించి, గ్రామసభ తీర్మానంతో కలిపి సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటి స్థలం పట్టా కోసం అర్జీలు కూడా విడిగా కాకుండా అందరివీ ఒకేసారి పెట్టండి.

గోదావరి సివిల్

నేనూ అదే అంటాను. ఒడ్డు వరుసలో ఒంటరి మహిళలు, ముసలివారు ఉన్న ఇళ్లలో ఒకదాన్ని ఎంచుకుని ముందు అది పూర్తిచేయండి. ఖర్చు ఎంతయిందో దాన్నిబట్టే మీ సొమ్ము ఎన్ని ఇళ్లకు వస్తుందో తెలుస్తుంది. రేకుకు రంధ్రం ఎప్పుడూ అల ఎత్తు మీదే వేయించండి, పల్లంలో వేస్తే వాన కారుతుంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి రంధ్రం వేసేముందు తడిపి, సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకుని (గుడ్డ చాలదు), చేతి డ్రిల్లుతో నెమ్మదిగా వేయాలి. బోల్టులు జింకు పూత ఉన్నవే కొనండి, ప్రతి ఏడాది వేట నిషేధ కాలంలో ఒకసారి తడిమి చూసి తుప్పు పట్టినవి మార్చండి.