కాలేయానికీ మెదడుకూ ఒకే ప్రొటీన్ నెట్‌వర్క్ వస్తోంది, ఎలా వేరుచేయాలి?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి హంటింగ్టన్ వ్యాధి (మెదడు కణాలు క్రమంగా చనిపోయే వంశపారంపర్య జబ్బు) తీసుకున్నాను. మార్పు చెందితే ఈ వ్యాధిని తెచ్చే హంటింగ్టిన్ ప్రొటీన్ ఒంట్లో దాదాపు అన్ని కణజాలాల్లోనూ ఉంటుంది, అయినా ముందుగా దెబ్బతినేది మెదడులోని స్ట్రయేటమే! అక్కడ ఎక్కువగా ఉండే రెస్ అనే ప్రొటీన్, మార్పు చెందిన హంటింగ్టిన్‌కు అతుక్కుని కణానికి హానిని పెంచుతుందని 2009లో చూపించారు. అలాంటి జతల్ని ఇంకా వెతకాలని ఉంది.

స్ట్రింగ్ అనే ప్రొటీన్ సంబంధాల డేటాబేస్‌లోంచి భౌతికంగా అతుక్కునే జతల్నే తీసుకుని, జీటెక్స్ (ఏ కణజాలంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చూపే డేటాబేస్) ఆర్‌ఎన్‌ఏ విలువలతో వడగట్టాను. రెండు జన్యువులూ 1 టీపీఎం (ఆర్‌ఎన్‌ఏ మోతాదుకు కొలమానం) దాటితేనే ఉంచాను. కానీ కాలేయానికీ, స్ట్రయేటంలో భాగమైన పుటామెన్‌కూ దాదాపు ఒకే నెట్‌వర్క్ వస్తోంది. ఆర్‌ఎన్‌ఏ ఉన్నంత మాత్రాన ప్రొటీన్ కూడా అంతే ఉంటుందని చెప్పలేం. పైగా పుటామెన్ నమూనాలో న్యూరాన్లతో పాటు గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు) కూడా కలిసిపోయి ఉంటుంది.

ఈ 1 టీపీఎం హద్దు తీసేసి, కణజాలాల మధ్య తేడాని బట్టి జతలకు వెయిట్ ఇవ్వాలా? లేక ఒక్కో కణాన్నీ విడిగా కొలిచే సింగిల్ సెల్ డేటాకే వెళ్లాలా? చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.