పీడెల్టా పెట్టినా మూమెంట్లు మారడం లేదు, బక్లింగ్ ఫ్యాక్టర్ 3.2 చాలా?

ప్రశ్న:
బరంపురం శివారులో బస్తాల గోడౌను, స్టీలు ఫ్రేము. 4.5 మీటర్ల ఎత్తున మెజనైన్ (మధ్య అంతస్తు), దాని మీద చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్ల లైవ్ లోడు. పిన్ను బేసులు (కాలమ్ అడుగు తిరగగలదు). బ్రేసింగు పొడవు వైపే ఉంది. స్టాడ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఎనాలిసిస్ బదులు పీడెల్టా (ఒరిగిన ఫ్రేము మీద బరువు పుట్టించే అదనపు మూమెంట్లనూ లెక్కించే పద్ధతి) పెట్టినా కాంబినేషన్లలో మూమెంట్లు దాదాపు అవే వస్తున్నాయి. 1.5 డెడ్ + 1.5 లైవ్‌కి బక్లింగ్ ఫ్యాక్టర్ (ఈ లోడు ఎన్ని రెట్లయితే ఫ్రేము బక్లింగ్ అవుతుందో ఆ అంకె) 3.2. ఒకటి దాటింది కనుక సరిపోతుందా? కాలమ్‌కి కె విలువ (పొడవును దీనితో గుణిస్తే బక్లింగ్‌కి లెక్కించే పొడవు వస్తుంది) ఎంత ఇవ్వాలండీ?

జవాబు 1:
మీరు లోడ్ కాంబినేషన్ కమాండ్ వాడినట్టున్నారు. అది విడివిడి కేసుల ఫలితాలను గుణించి కూడుతుంది, అంతే. గాలి కేసులో బస్తాల బరువు లేదు, బస్తాల కేసులో ఫ్రేము ఒరగలేదు. రెండూ ఒకేసారి ఉంటేనే పీడెల్టా పుడుతుంది. ప్రతి కాంబినేషన్నూ ఫ్యాక్టర్లతో సహా రిపీట్ లోడ్‌గా (లోడులన్నీ కలిసిన ఒకే కేసుగా) రాసి, ‘పీడెల్టా 20 ఎనాలిసిస్ స్మాల్‌డెల్టా’ నడపండి.

గ్రావిటీ కాంబినేషన్లో నోషనల్ లోడు (ఫ్రేములో ఉండే వంకరకు బదులుగా పెట్టే ఊహా లోడు) మరవకండి: స్టీలు డిజైన్ కోడు ఐఎస్ 800:2007 ప్రకారం ఫ్యాక్టర్డ్ నిలువు లోడులో 0.5 శాతం, అడ్డంగా. షీటింగు బలం లెక్కలోకి తీసుకోకపోతే, ఆ లోడుకే మెజనైన్ 2.25 మిల్లీమీటర్లు (ఎత్తు/2000) దాటి ఒరిగితే అది స్వే (పక్కకు ఒరిగే) ఫ్రేమే.

జవాబు 2:
3.2 అంటే నిశ్చింత కాదండీ. 1/(1−1/3.2) = 1.45, అంటే ఒరుగు మూమెంట్లు సుమారు 45 శాతం పెరుగుతాయి. పైగా అది వంకర లేని, ఈల్డ్ కాని ఆదర్శ కాలమ్‌కి వచ్చిన అంకె. ముందు మోడ్ షేపు (బక్లింగ్‌లో ఫ్రేము వంగే ఆకారం) చూడండి. ఒక్క సన్నటి బ్రేసే వంగుతుంటే ఆ అంకె ఫ్రేముది కాదు.

కె సంగతి: సెకండ్ ఆర్డర్ (పీడెల్టా), నోషనల్ లోడు రెండూ సరిగ్గా చేస్తే ఫ్రేము తలంలో కె = 1. ఫస్ట్ ఆర్డర్ (మామూలు ఎనాలిసిస్) మీదే ఉంటే ఐఎస్ 800 అనుబంధం డి నుంచి తీయాలి. పిన్ను బేసు స్వే కాలమ్‌కి అది 2 కంటే తగ్గదు. పీడెల్టా, ఆ పెద్ద కె రెండూ కలిపితే ఒకే ప్రభావాన్ని రెండుసార్లు లెక్కించినట్టు.

జవాబు 3:
కాలమ్ ఒకే ఎలిమెంట్‌గా ఉంటే స్వే మోడ్‌కి ఫరవాలేదు. మధ్యలో విల్లులా వంగే మోడ్‌కి మాత్రం మోసమే: పిన్-పిన్ కాలమ్‌కి 9.87 బదులు 12 ఈఐ/ఎల్² (ఈఐ అంటే వంగకుండా నిలిచే బిగువు, ఎల్ పొడవు) వస్తుంది, 22 శాతం ఎక్కువ. రెండు ముక్కలు చేస్తే తప్పు 1 శాతం లోపే. కానీ నోడు పెట్టాక ఎల్‌వై, ఎల్‌జెడ్ (రెండు దిశల్లో బక్లింగ్ పొడవులు) చేత్తో ఇవ్వండి, లేకపోతే డిజైన్ ముక్క పొడవునే కాలమ్ పొడవు అనుకుంటుంది.

ఇంకోటి, బరంపురం తీరానికి 60 కిలోమీటర్ల లోపే. గాలి లోడు కోడు ఐఎస్ 875 మూడో భాగం (2015)లో పరిశ్రమ కట్టడానికి కే4 (తుఫాను ప్రాంత గుణకం) = 1.15. అది గాలి వేగానికి కనుక పీడనం 32 శాతం పెరుగుతుంది, ఆ మూమెంట్లను పీడెల్టా ఇంకా పెంచుతుంది. సెక్షను పెంచే ముందు ఫిక్స్‌డ్ బేసు (అడుగు తిరగకుండా బిగించినది) ప్రయత్నించండి, ఫుటింగు ఆ మూమెంటుని మోయగలిగితేనే.