లంబసింగి మ్యూజియానికి సర్కారు కోట్లు అవసరమా?

ఘాటుపైవాడు: అల్లూరి పేరుతో, గిరిజన పోరాట వీరుల కోసమని లంబసింగి దగ్గర మ్యూజియానికి కేంద్ర గిరిజన శాఖ, రాష్ట్రం కలిసి కోట్లు పెడుతున్నాయి. ముందు రోడ్లు వేయండి. మా అక్కని పురిటినొప్పులతో డోలీలో మోశాం, వాగులో మోసేవాడి కాలు జారి కర్ర ఒరిగినప్పుడు ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ మర్చిపోలేదు.

గోదారిగట్టు: తమ్ముడూ, మీ బాధ నిజమే. కానీ రోడ్డు పద్దు వేరు, మ్యూజియం పద్దు వేరు. ఇలాంటివి వేరే రాష్ట్రాల్లోనూ కడుతున్నారు. మనం వద్దంటే ఆ డబ్బు రోడ్డుకి రాదు.

ఘాటుపైవాడు: ఆఫీసులో కూడా ఇదే మాట చెప్పి పంపించారు. పద్దులు రాసేది మనుషులే కదండీ.

శారద: చలికాలంలో టూరిస్టులు ఎలాగూ వస్తారు. టికెట్ డబ్బులు పంచాయతీకి ఇస్తే చాలు.

గోదారిగట్టు: మళ్లీ చెప్తున్నా, పద్దు వేరు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన చరిత్ర అది, పిల్లలకి ఆ కొండల్లోనే చూపించాలి.

ఘాటుపైవాడు: దాడి గుర్తుంది, మరి దాని వెనక కారణం? పోడు కొట్టుకోనివ్వలేదు. పైగా నర్సీపట్నం నుంచి చింతపల్లి రోడ్డుకి బాస్టియన్ అనే అధికారి మావాళ్లతో సరిగ్గా కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. రోడ్డు సంగతి ఎత్తితే వేరే విషయం అంటారేంటి?

గోదారిగట్టు: అంటే సీతారామరాజు గుర్తుగా ఏమీ ఉండకూడదంటారా? ఆయన మీద ఎందుకండీ అంత కోపం?

ఘాటుపైవాడు: కోపమా! మా ఇంట్లో ఆయన ఫొటోకి దండ వేస్తాం. నేను అడిగేది ఆయనతో కలిసి పోరాడిన మా గిరిజన నాయకులు గాం గంటందొర, మల్లుదొర గురించి. మల్లుదొర 1952లో లోక్‌సభకి గెలిచాడని మీలో ఎంతమందికి తెలుసు? గిరిజన శాఖ డబ్బుతో కట్టి లోపల ఒక్కరి కథే పెడితే అది మా మ్యూజియం ఎలా అవుతుంది? ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో మా ఊళ్లవాళ్లని అడగాలి, గైడు ఉద్యోగాలు మా పిల్లలకే ఇవ్వాలి.

రమణ: అసలు గొడవ ఇదన్నమాట.

గోదారిగట్టు: ఉద్యోగాల మాట న్యాయమే, ఒప్పుకుంటా. కానీ రాజుగారు లేకపోతే ఆ పోరాటం రెండేళ్లు నిలిచేదే కాదు. ముందు హాల్లో ఆయనే ఉండాలి.

ఘాటుపైవాడు: 1879 రంప పితూరీని, అంటే అంతకుముందు జరిగిన తిరుగుబాటుని, నడిపింది కారం తమ్మన్నదొర. అప్పటికి సీతారామరాజు పుట్టనే లేదు. ముందు హాలు అక్కణ్నుంచి మొదలుపెట్టండి.