మహీ కోసం ట్రోలింగ్: ఎన్ని అడుగుల లోతులో వెతకాలి?

ప్రశ్న (టాంపా నుంచి): జూన్‌లో నలుగురు మిత్రులం ఫ్లోరిడా కీస్‌లోని ఇస్లమొరాడా నుంచి అద్దె పడవలో మహీ చేపల వేటకు వెళ్తున్నాం. ఒడ్డున గాలం వేయడం అలవాటే గానీ పడవ వెనక ఎర లాగుతూ వెళ్లడం (ట్రోలింగ్) ఇదే మొదలు. లోతు గురించి అడిగితే ఒకరు 300 అడుగులంటారు, ఇంకొకరు 600, మరొకరు 1000 దాటితే తప్ప లాభం లేదంటారు. ఎరను కిందికి దింపడానికి డౌన్‌రిగ్గర్ కూడా కొనమంటున్నారు. ఏది నమ్మాలి?

సమాధానం (కీ లార్గో నుంచి): డౌన్‌రిగ్గర్ డబ్బు ఐసుకు, పెట్రోలుకు దాచుకోండి. కింద 800 అడుగుల నీళ్లున్నా మహీ తిరిగేది పైపైనే. ఎర లోతుకు దింపేది వాహూ అనే మరో చేప మీద ఆశ ఉన్నవారు.

మీరు విన్న మూడు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు, ఎవరికి దొరికిన రోజు లెక్క వారు చెబుతున్నారు. ఆగ్నేయ గాలి వదలకుండా వీస్తే నీటిపై తేలే సర్గాసమ్ నాచు తీరం వైపు కొట్టుకొస్తుంది. దాని నీడన బతికే చిన్న చేపలూ, వాటిని తినే మహీ కూడా వెంటే వస్తాయి. అప్పుడు 300 అడుగుల్లోనే దొరకవచ్చు. గాలి ఉత్తరం నుంచో పడమర నుంచో వీస్తే అన్నీ బయటికి జరుగుతాయి.

నేనైతే పగడపు దిబ్బ దాటి 300 అడుగులు రాగానే గాలాలు వదిలి, లోతు వైపు ఏటవాలుగా వెళ్తాను. లోతు కొలిచే సౌండర్ సముద్రపు అడుగు ఎక్కడుందో చెబుతుంది, అంతే. చూపు నీటి మీద ఉండాలి. ఆకుపచ్చ నీరు ముదురు నీలంలోకి మారే గీత, బారుగా సాగిన నాచు, కొట్టుకొచ్చిన దుంగ, వీటిలో ఏది కనిపించినా దాని వెంబడే పోవాలి. ఫ్రిగేట్ పక్షి చాలా ఎత్తులో తీరిగ్గా తిరుగుతుంటే ఇంకా వెతుకుతోందన్నమాట. కిందికి దిగి ఒకే దిక్కుకు పోతుంటే చేప మీద ఉన్నట్టే, దాని ముందుకు వెళ్లండి. తొలి చేప పడగానే జీపీఎస్‌లో గుర్తు పెట్టి, అక్కడి లోతు రాసుకోండి. ఆ రోజుకు మీ అంకె అదే.

వేగం 6, 7 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు) చాలు. అయితే ఇక్కడ ఈశాన్యం వైపు సాగే గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం 3 నాట్లు దాటుతుంది కాబట్టి జీపీఎస్ చూపే వేగాన్ని నమ్మకూడదు, ఎరను చూడాలి. ఎరగా గుచ్చిన బాలీహూ చేప అలను చీల్చుకుని పైకి తేలి, మళ్లీ మునిగి, వెనక బుడగల చార వదలాలి. గిర్రున తిరుగుతోందంటే కొక్కెం నడిమధ్యన గుచ్చలేదన్నమాట. తీసి సరిచేయండి, లేకపోతే దారమంతా మెలిపడుతుంది. నాచు పోగు ఒక్కటి చిక్కుకున్నా ఆ ఎరను ఏ చేపా ముట్టదు.

మరో సభ్యుడు (మయామీ నుంచి): చిన్న మహీలు గుంపుగా తిరుగుతాయి. మొదట పడినదాన్ని పైకి లాగేయకుండా పడవ పక్కన నీటిలోనే ఉంచితే మిగతావి దాన్ని వదిలిపోవు. ఈలోగా వాటి మధ్యకు ఇంకో ఎర విసరండి. అట్లాంటిక్ వైపు ఫ్లోరిడా రాష్ట్ర జలాల్లో 2022 మే నుంచి మనిషికి 5, పడవకు 30 చేపలే పరిమితి. ముక్కు నుంచి తోక చీలిక దాకా కనీసం 20 అంగుళాలు ఉండాలి. బయటి జలాల్లో పరిమితి ఎక్కువే అయినా మీరు తిరిగి వచ్చేది ఈ నీళ్లలోకే కనుక 5 దగ్గరే ఆగండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. పడవకు ఒకే ఇంజను ఉంది. 1000 అడుగుల దాకా పోవచ్చా?

సమాధానం (కీ లార్గో నుంచి): ట్యాంకులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టకూడదు. పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోను, ఆపదలో పిలవడానికి వాడే 16వ ఛానెల్‌లో పెట్టి ఉంచండి. ఫోను అంత దూరంలో పని చేస్తుందని నమ్మకండి. ఉత్తరం నుంచి గాలి వీచే రోజున వెళ్లనే వద్దు. ప్రవాహానికి ఎదురు గాలి తగిలితే అలలు నిట్టనిలువుగా లేస్తాయి, చిన్న పడవ తట్టుకోలేదు. అసలు 500, 600 అడుగుల మధ్య మంచి నాచు వరుస కనిపిస్తే దాన్ని వదిలి ముందుకు పోవడం అత్యాశే.

ఐసు మాత్రం దండిగా తీసుకెళ్లండి. పట్టిన మహీని ఎండలో ఉంచితే హిస్టమిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. తిన్నాక ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి, ఎంత ఉడికించినా ఆ విషం పోదు. ఐసు, ఉప్పునీరు కలిపిన పెట్టెలో పట్టిన వెంటనే వేసేయండి.