యూఎస్‌సీ బేస్‌బాల్ జట్టు చరిత్ర రాస్తున్నాను, అంకెలు ఒకదానితో ఒకటి కలవడం లేదు

ప్రశ్న:
నమస్తే అండి. లాస్ ఏంజెలిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ)లో తెలుగు విద్యార్థులు తెస్తున్న సంచికకి అక్కడి బేస్‌బాల్ జట్టు చరిత్ర నాలుగు పేజీలు రాయాలి. చిత్తుప్రతి ఇలా మొదలైంది: "కోచ్ రాడ్ డెడియాక్స్ ఆధ్వర్యంలో టామ్ సీవర్, మార్క్ మెక్‌గ్వైర్, రాండీ జాన్సన్ వంటి దిగ్గజాలతో ఈ జట్టు 12 జాతీయ టైటిళ్లు గెలిచింది. చివరిది 2011లో." కోచ్ గెలుపు శాతం ఒకచోట .699, ఇంకోచోట .700 అని ఉంది. పాత పత్రికల్లో 1912కి ముందు 'ట్రోజన్స్' అన్న జట్టు పేరుతో వెతికితే ఒక్క మ్యాచూ దొరకడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు 1:
ఆ రెండు వాక్యాల్లో సరైనది 12 అన్న అంకె ఒక్కటే.

ముందు 2011 సంగతి. 2010, 2011 టైటిళ్లు సౌత్ కరోలినా యూనివర్సిటీవి. వాళ్లవీ అవే పొడి అక్షరాలు, యూఎస్‌సీ. పొడి అక్షరాలతో వెతికితే రెండు జట్లూ కలిసిపోయి వస్తాయి. 'ట్రోజన్స్' అంటే లాస్ ఏంజెలిస్, 'గేమ్‌కాక్స్' అంటే సౌత్ కరోలినా. వెతికే ప్రతిసారీ ఆ మాట జోడించండి.

మీ జట్టు గెలిచిన ఏళ్లు: 1948, 1958, 1961, 1963, 1968, తర్వాత 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదు, 1978, 1998. మొత్తం 12. చివరిదైన 1998 నాటికి కోచ్ మైక్ గిలెస్పీ. 1961లో గెలిచిన జట్టులో ఆయనే ఆటగాడు. కాబట్టి మీరు రాసిన కోచ్ రాడ్ ఖాతాలో పడేవి 11. వాటిలోనూ 1948 నాటికి ఆయన, శామ్ బారీ ఇద్దరూ కలిసి కోచ్‌లు. ఎక్కడైనా 10 అని కనిపిస్తే, ఉమ్మడి టైటిల్ తీసేసి లెక్కపెట్టారని అర్థం. మీరు "11, అందులో ఒకటి బారీతో కలిసి" అని రాస్తే ఏ గొడవా ఉండదు.

రాడ్ ఇంటిపేరు పలికేది 'డీడో' అని. ఫ్రెంచ్ పేరు కదా, చివరి అక్షరాలు పలకవు. తెలుగులో 'డెడియాక్స్' చూస్తే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు.

ఇక దిగ్గజాలు. మెక్‌గ్వైర్, జాన్సన్ ఇద్దరూ 1980లలో ఆడారు. 1978కీ 1998కీ మధ్య టైటిల్ లేదు, కనుక ఆ జాబితాకి వాళ్లు చెందరు. సీవర్ ఆడింది 1965 సీజన్. 1966లో అట్లాంటా బ్రేవ్స్ అనే ప్రొఫెషనల్ జట్టుతో ఒప్పందం కుదిరింది గాని, అప్పటికే కాలేజీ జట్టు సీజన్ మొదలైందని ప్రొఫెషనల్ బేస్‌బాల్ కమిషనర్ దాన్ని కొట్టేశారు. ఒప్పందం మీద సంతకం చేశాడు కాబట్టి కాలేజీ తరఫున ఆడే అర్హతా పోయింది. చివరికి చీటీ తీస్తే న్యూయార్క్ మెట్స్‌కి దక్కాడు. టైటిల్ గెలిచినవాడి పేరే కావాలంటే ఫ్రెడ్ లిన్ అని రాయండి, 1970ల తొలి ఏళ్ల జట్టువాడు.

జవాబు 2:
శాతం గురించి. డీడో రికార్డు 1,332 గెలుపులు, 571 ఓటములు, 11 టైలు. టైలు వదిలేస్తే 1332ని 1903తో భాగించాలి, .69995 వస్తుంది, అదే .700. టైని సగం గెలుపుగా తీసుకుంటే 1337.5ని 1914తో భాగించాలి, .6988, అంటే .699. రెండూ తప్పు కావు, పద్ధతులు వేరు. అధికారిక పట్టికల్లో కనిపించేది .699, అదే వాడండి. వ్యాసం మొత్తం ఒకే పద్ధతిలో ఉండాలి, లేకపోతే ఇద్దరు కోచ్‌ల పోలికే చెడుతుంది.

1912 చిక్కు చిన్నదే. 'ట్రోజన్స్' అన్న పేరు పెట్టిందే ఆ ఏడాది, లాస్ ఏంజెలిస్ టైమ్స్ క్రీడా సంపాదకుడు ఓవెన్ బర్డ్. అంతకుముందు 'మెథడిస్ట్స్', 'వెస్లియన్స్' అని రాసేవారు. ఆ మాటలతో వెతకండి. విద్యార్థుల పత్రిక 'డైలీ ట్రోజన్', వార్షిక సంచిక 'ఎల్ రోడియో' రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి. వార్షిక సంచికలో సీజన్ చివరి మ్యాచ్‌లు ఉండకపోవచ్చు, పేజీలు ముందే అచ్చుకి వెళ్లిపోతాయి. జూన్ మ్యాచ్‌లకి నగర దినపత్రికే దిక్కు.

ప్రశ్న (మళ్లీ):
చాలా థ్యాంక్స్ అండి. పాత పత్రికల్లో బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) అచ్చు మసకగా ఉంటోంది. 3, 8 తేడా తెలియడం లేదు. సరైన అంకె ఏదో ఎలా తేల్చాలి?

జవాబు 3:
బాక్స్ స్కోర్‌కి జమాఖర్చు లాంటి సరిచూపు ఉంది. ఒక జట్టు తరఫున బ్యాట్ పట్టి వచ్చిన ప్రతివాడూ మూడింట్లో ఏదో ఒకటి అవ్వాలి: పరుగు తీయాలి, అవుటవ్వాలి, లేదా ఇన్నింగ్ ముగిసేసరికి బేస్ మీదే మిగిలిపోవాలి. నాలుగో దారి లేదు.

జమ వైపు: ఎట్ బ్యాట్స్ (ఈ మిగతావి పోను బ్యాట్ పట్టిన సార్లు), వాక్స్ (నాలుగు చెడు బంతులకి ఉచితంగా దక్కిన బేస్), బంతి ఒంటికి తగిలి బేస్‌కి వెళ్లినవాళ్లు, శాక్రిఫైస్‌లు (తాను అవుటై సహచరుణ్ణి ముందుకి పంపడం). అరుదుగా క్యాచర్ అడ్డుపడి ఇచ్చిన బేస్. ఖర్చు వైపు: పరుగులు, బేస్ మీద మిగిలినవాళ్లు, ఎదుటి జట్టు చేసిన అవుట్లు.

ఉదాహరణకి ఎట్ బ్యాట్స్ 34, వాక్స్ 4, తగిలినవాడు 1, శాక్రిఫైస్ 1. మొత్తం 40. పరుగులు 5, అవుట్లు 27 (తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదానికి మూడు). అంటే మిగిలినవాళ్లు 8 ఉండాలి. మసకలో కనిపించేది 3 కాదు, 8. అంతే.

లెక్క కుదరకపోతే ముందు అవుట్లు చూడండి. సొంత మైదానంలో ఆడే జట్టు రెండోసారి బ్యాటింగ్ చేస్తుంది, ముందంజలో ఉంటే తొమ్మిదో ఇన్నింగ్‌లో బ్యాటింగే చేయదు, అవుట్లు 24. చివరి ఇన్నింగ్ మధ్యలో గెలుపు పరుగు వస్తే 24, 25, 26 ఏదైనా కావచ్చు. ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పెట్టి ఏడేసి ఇన్నింగ్స్‌తో ముగిస్తే 21 లేదా 18. అన్నీ చూశాక కూడా ఒకటి రెండు తగ్గితే అనుమానం శాక్రిఫైస్‌ల మీద పడాలి. పాత పత్రికలు వాటిని పట్టికలో వేయకుండా కింద చిన్న అక్షరాల్లో ఇరికిస్తాయి, పాత కాపీల్లో ఎక్కువగా చెరిగిపోయేది ఆ వరసే.

రెండు జట్లకీ విడివిడిగా చేయండి. ఒకవైపు కుదిరి, రెండోవైపు కుదరకపోతే తప్పు ఎటుందో వెంటనే తెలుస్తుంది.

జవాబు 1:
పై సరిచూపుకి తోడు ఇంకొకటి. స్కోరు వింతగా ఉందని దిద్దేయకండి. 1998 ఫైనల్ 21–14, అరిజోనా స్టేట్ మీద. ఫుట్‌బాల్ స్కోరనుకుని ప్రూఫ్ చూసేవాళ్లు కొట్టేస్తారు. 1970 ఫైనల్ ఫ్లోరిడా స్టేట్ మీద 2–1, 15 ఇన్నింగ్స్. 1972లో 1–0. 1974 నుంచి కాలేజీ ఆటలో అల్యూమినియం బ్యాట్ వచ్చింది, పరుగులు పెరిగాయి. ఆ 21–14 తర్వాత 1999లో బ్యాట్ నిబంధనలు బిగించారు. అందుకే 1972 పిచర్ (బంతి విసిరేవాడు) సగటునీ 1998 పిచర్ సగటునీ ఒకే పట్టికలో పెట్టి పోల్చకూడదు.

1973లో మిన్నెసోటా మీద 8–7 మ్యాచ్ రాయకుండా ఉండలేరు, తెలుసు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్‌కి 7–0తో వెనకబడి గెలిచారు. అప్పటిదాకా వాళ్లని కట్టేసిన పిచర్ డేవ్ విన్‌ఫీల్డ్, 15 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అయితే అది ఫైనల్ కాదు. ఫైనల్ అరిజోనా స్టేట్ మీద 4–3.

ప్రశ్న (మళ్లీ):
రాసుకున్నాను. ఈ వాక్యం చూడండి: "1974లో సొంత మైదానం డీడో ఫీల్డ్ మొదలైంది, అక్కడే వరసగా ఐదో టైటిల్ గెలిచారు."

జవాబు 2:
మొదటి సగం ఉంచండి, రెండోది తీసేయండి. జాతీయ టోర్నమెంట్ 1950 నుంచి నెబ్రాస్కాలోని ఒమాహాలోనే. 1948 ఒక్కటే మిషిగన్‌లోని కలమజూలో గెలిచారు, యేల్ మీద. ఆ యేల్ కెప్టెన్ తర్వాత అమెరికా అధ్యక్షుడైన జార్జ్ బుష్, పెద్దాయన. ఫస్ట్ బేస్‌మన్.