తెలుగు వచన గ్రంథాలకు చివర పదసూచిక తప్పనిసరి చేయాలా?

పాత పుస్తకాల పాఠకుడు (చర్చ ప్రారంభం)

గోదావరి ఆనకట్ట చరిత్రపై వచ్చిన ఒక తెలుగు పుస్తకాన్ని గత నెలలో కొన్నాను. దాని పేరు చెప్పను. రచయిత శ్రమపడి రాశారు, నా ఫిర్యాదు ఆయన పరిశోధన మీద కాదు. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆ పాత ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, నడుమ లంకలతో ఉండేది. విజ్జేశ్వరం వైపు జరిగిన పనుల ముచ్చట ఎక్కడో చదివినట్లు గుర్తుండి మళ్ళీ చూడబోతే దొరకలేదు. విషయసూచిక తెరిస్తే 'జలగీతం', 'చెమట చుక్కలు' అనే ధోరణిలో అధ్యాయాల పేర్లున్నాయి. కవితా సంపుటికి శోభించే పేర్లే గాని, వాటిలో ఏది తెరిస్తే విజ్జేశ్వరం తగులుతుందో ఎవరు చెప్పగలరు? చివర పదసూచిక, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే అకారాది పట్టిక, లేదు. ఒక సాయంత్రమంతా పేజీలు తిరగేశాను.

అదే పుస్తకంలో ఒక ఫోటో కింద 'ధవళేశ్వరం ఆనకట్ట' అని మాత్రమే ఉంది. బొమ్మలో వరుసగా గేట్లు, వాటి వెంట రోడ్డు కనిపిస్తున్నాయి. అది 1852 నాటి రాతికట్టడం కాదు. దానికి బదులుగా మన కాలంలో కట్టిన బ్యారేజీ. పక్క పేజీలో మాత్రం కాటన్ దొర కాలపు కూలీల ప్రస్తావన నడుస్తోంది. తెలియనివారు ఆ గేట్లను కాటనే పెట్టించాడనుకుంటే తప్పు వారిదా? ఫోటో ఏనాటిదో బొమ్మ కింద ఒక్క అంకె వేసి ఉంటే సరిపోయేది.

ఇంతకీ ఆ పుస్తకంలో నాలుగు ముందుమాటలకు 22 పేజీలు దొరికాయి. చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్ర వంటి గ్రంథాలకు పదసూచిక లేకపోతే గ్రంథాలయాలు వాటిని కొనకూడదని నా వాదన. అభ్యంతరాలుంటే చెప్పండి.

చిన్న ప్రచురణకర్త

అయ్యా, మీ బాధ అర్థమైంది గాని, మీరు కోరే నిబంధన వస్తే మొదట మూతపడేది మావంటి వారి దుకాణమే. డెమ్మీ సైజులో ఫారానికి, అంటే ఒకేసారి అచ్చువేసి మడిచే కాగితానికి, 16 పేజీలు. పుస్తకం 240 పేజీలకు, అంటే సరిగ్గా 15 ఫారాలకు కుదిరిన తరువాత ఆరు పేజీల సూచిక చేరిస్తే పదహారో ఫారం ఎక్కుతుంది, మిగిలిన పది పేజీలు తెల్లగా పోతాయి. 500 ప్రతులు వేసే పుస్తకానికి, అందులోనూ తరచుగా రచయితే డబ్బు పెట్టుకునే పుస్తకానికి, అది చిన్న భారం కాదు. అంతకంటె పెద్ద చిక్కు సమయం. చివరి ప్రూఫు దిద్దేవరకు పేజీల సంఖ్యలు కదులుతూనే ఉంటాయి కాబట్టి సూచికలోని అంకెలు ఆ తరువాతే వేయాలి. అప్పటికి ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడి, ఆహ్వానాలు పంచి ఉంటారు. ఇక ముందుమాటలంటారా, పెద్దలను అడిగి రాయించుకున్నవాటిని తీసేయమని రచయితకు చెప్పే ధైర్యం నాకు లేదు.

తెరమీద చదివేవాడు

పీడీఎఫ్‌లోనో ఈబుక్‌లోనో మాట కొట్టి వెతికితే క్షణంలో దొరికే రోజుల్లో ఈ చర్చ ఎందుకో నాకు బోధపడటం లేదు.

గ్రంథాలయ మిత్ర

బోధపడాలంటే మీరు ఒకసారి వెతికి చూడాలి. మన పుస్తకాలు చాలావరకు అను ఫాంట్లలో కూర్చినవి. వాటి పీడీఎఫ్ కంటికి తెలుగుగానే కనిపిస్తుంది గాని, లోపల ఉన్నవి యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ఉమ్మడి సంకేతాల) అక్షరాలు కావు, అందువల్ల మీరు కొట్టిన మాట దానికి తగలదు. స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాల్లో చాలావరకు వట్టి బొమ్మలే.

అవన్నీ యూనికోడ్‌లోకి మారాయనే అనుకుందాం. 'మచిలీపట్నం' అని వెతికితే రచయిత 'బందరు' అని రాసిన చోట్లు రావు. 'రాజమండ్రి' కొడితే 'రాజమహేంద్రవరం' రాదు. 'వీరేశలింగం' కొడితే 'కందుకూరి వారు' అన్న వాక్యం తప్పించుకుంటుంది, 'పంతులుగారు' అన్న పేరా మొత్తంగా పోతుంది. యంత్రం మాటను వెతుకుతుంది, మనకు కావలసింది మనిషి సంగతి. 'బందరు: చూ. మచిలీపట్నం' (చూ. అంటే చూడండి) అనే చిన్న పంక్తి వేయాలంటే రెండూ ఒకటేనని తెలిసినవాడు పుస్తకం చదివి ఉండాలి. అలా అని పదసూచిక లేని పుస్తకాన్ని గ్రంథాలయం కొనకూడదనే మాటకు నేను ఒప్పుకోను. అప్పుడు మా బీరువాల్లో తెలుగు చరిత్ర అర మొత్తం ఖాళీ అవుతుంది.

అమరం వల్లించినవాడు

సూచికల మోజు ముద్రణతో వచ్చింది. సంస్కృత నిఘంటువైన అమరకోశం మొత్తం నోటికి వచ్చిన మా గురువుగారికి పుస్తకమే అక్కర్లేదు, ఇక సూచికతో పనేమిటి?

పాత పుస్తకాల పాఠకుడు

మంచి ఉదాహరణే ఇచ్చారు. అమరకోశం అకారాది క్రమంలో లేదు, విషయాల వారీగా వర్గాలుగా ఉంది. తామరకు పర్యాయపదాలు కావాలనుకున్నవాడు మొక్కలున్న వనౌషధి వర్గం వెతుకుతాడు. అవి ఉన్నదేమో మొదటి కాండలో, నీటిని గురించిన వారివర్గంలో. వల్లించినవానికి ఆ తికమక లేదు. వల్లించని మాబోటివారి కోసమే అచ్చుపుస్తకం వెనుక అకారాది పట్టిక చేర్చారు. కావ్యాలకు పద్యాల అనుక్రమణిక కూర్చే ఓపిక మన పండితులకు ఎప్పుడూ ఉన్నదే. పద్యానికి చేసిన మర్యాద వచనానికి ఎందుకు చేయకూడదన్నదే నా ప్రశ్న.

సాంఘికశాస్త్రం పంతులమ్మ

పదసూచిక ఉన్నా దాన్ని వాడటం ఎవరు నేర్పుతున్నారండీ? మా పిల్లల నోటుపుస్తకాల్లో మొదటి పేజీ మీద 'ఇండెక్స్' అని ఉంటుంది. అందులో పాఠాల పేర్లు రాసుకుంటారు. అంటే విషయసూచికకే ఆ పేరు స్థిరపడిపోయింది, పుస్తకం వెనుకనుండేది మరొకటి ఉందని వారికి తెలియదు.

ఒకసారి ఎనిమిదో తరగతిలో కొల్లేరులోకి నీళ్ళు తెచ్చే వాగులేవో పుస్తకంలో చూసి చెప్పమన్నాను. అందరూ పాఠం మొదటి వాక్యం నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. బుడమేరు, తమ్మిలేరు పేర్లు అదే పేజీ పటంలో నీలిగీతల పక్కన అచ్చయి ఉన్నాయి. పటం వైపు చూసింది ఒక్క అమ్మాయి, అదీ తన ఊరు కనిపిస్తుందేమోనని! మరునాడు పాఠం చదవనివ్వలేదు. ఉపశీర్షికలు, పటం, బొమ్మల కింది మాటలు మాత్రమే చూసి ఈ పాఠంలో ఏముంటుందో చెప్పమన్నాను. పిల్లలు చాలావరకు సరిగ్గానే ఊహించారు. ఊహ తప్పిన ఒక చోట తప్పు ఉపశీర్షికదే, కింద ఉన్న విషయానికి దానికి పొంతన లేదు. కాబట్టి ప్రచురణకర్తగారి ఫారాల లెక్కకు అడ్డు రాని పని ముందు చేయవచ్చు: శీర్షిక విషయం చెప్పాలి, బొమ్మ కింద స్థలమూ కాలమూ ఉండాలి. వీటికి అదనపు కాగితం అక్కర్లేదు.

చిన్న ప్రచురణకర్త

అమ్మా, ఆ రెంటికీ నేను సిద్ధమే. చెరువుల మీద ఒక పుస్తకం ఇప్పుడు మా దగ్గర కూర్పులో ఉంది, దానికి ఊళ్ళ పేర్లతో రెండు పేజీల సూచిక వేయడానికి కూడా ప్రయత్నిస్తాను. అయితే వరుస మాట తేల్చండి. వర్ణమాలలో 'అం' ఔకారం తరువాత వస్తుంది, యూనికోడ్‌లో సున్న అచ్చులన్నిటికంటె ముందే ఉంది. కంప్యూటర్ వరుస పెడితే 'కంకిపాడు' మొదట వచ్చి 'కడియం' దాని వెనుక పడుతుంది. పెద్ద బాలశిక్షతో చదువుకున్న మా ప్రూఫ్‌రీడరు 'కం' గుణింతం చివర, 'కౌతవరం' తరువాత ఉండాలంటున్నారు.

గ్రంథాలయ మిత్ర

ఏ వరుస పాటించినా ఫరవాలేదు, ఏది పాటించారో సూచిక నెత్తిన ఒక వాక్యం రాయండి.

పాత పుస్తకాల పాఠకుడు

కొనుగోలు నిబంధన గురించి నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. చెరువుల పుస్తకంలో పాత పేరు, కొత్త పేరు రెండూ ఉన్న ఊళ్ళకు 'చూ.' వేయడం మాత్రం మరవకండి. చివరి ప్రూఫు పంపితే పేజీల సంఖ్యలు నేను రాసి పెడతాను, సభకు వారం ముందైతే చాలు.